మాల తీసిన మర్నాటి సావాసం

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. నాలుగేళ్లుగా ఏటా అయ్యప్ప మాల వేసుకుంటున్నాను. ఆ 41 రోజులూ మందు జోలికి గాని, పేకాట జోలికి గాని పోను. పోవాలని అనిపించదు కూడా. మాల తీసిన పది రోజులకల్లా మళ్లీ పాత మనిషినైపోతున్నాను. సాయంత్రమైతే చిన్నప్పటి స్నేహితులు నలుగురూ ఒకచోట చేరతారు, నేనూ వెళ్తాను. వారిలో ఒకడు వడ్డీ వ్యాపారం చేస్తాడు. ఫోనులో క్రికెట్ బెట్టింగులు నాకు అలవాటు చేసింది అతనే, అతనికి నేను కొంత బాకీ కూడా ఉన్నాను. ఇంకొకడు మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్లు నాతోపాటు మేలుకొని కూర్చున్నవాడు. మాలో చిన్నవాడికి ఈ అలవాటు నా వెంట వచ్చే అయింది. ఈసారి నాతోపాటు మాల వేసుకుంటానని అంటున్నాడు. "దుష్టసాంగత్యం వదలకపోతే ఎన్ని మాలలు వేసినా ప్రయోజనం లేదు" అన్నారు మా గురుస్వామి. మా ఆవిడదీ అదే మాట. స్నేహితులందరినీ ఒక్కసారిగా వదిలేయడమేనా భక్తి అంటే? అలా వదిలేస్తే నేను కృతఘ్నుణ్ణి కానా? వాళ్లనే మార్చే ప్రయత్నం చేయకూడదా?

సమాధానం: మీరు అడిగిన ప్రశ్నలకంటే ముందు, మీరు ప్రశ్నగా కాకుండా మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర ఆగాలి. మాలలో ఉన్న 41 రోజులూ మందు తాగాలని "అనిపించదు కూడా" అన్నారు. నిగ్రహించుకుంటున్నానని రాయలేదు, కోరికే రాదని రాశారు. సంవత్సరంలో మిగిలిన 324 రోజులూ మిమ్మల్ని లొంగదీస్తున్న కోరిక ఆ రోజుల్లో తల ఎత్తకపోవడానికి మీ మనోబలం ఒక్కటే కారణమైతే, మాల తీసిన పది రోజులకే ఆ మనోబలం ఎక్కడికి పోతున్నట్టు? మనిషి అదే, ఊరు అదే, మిల్లు అదే, జీతం అదే. మారుతున్నది మీ చుట్టూ ఉండే జనం.

దీక్షలో మీ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం ముగించి పీఠం దగ్గరకు వెళ్లేసరికి అక్కడ మీలాగే నల్లబట్టలు కట్టుకున్నవారు పదిమంది ఉంటారు. శరణుఘోష ఒక్క గొంతుది కాదు. మధ్యాహ్నం భిక్ష ఎవరో ఒక స్వామి ఇంట్లో అందరూ పంక్తిలో కూర్చుని చేస్తారు. మామూలు రోజుల్లో మీ స్నేహితుల ఫోన్లు మొదలయ్యే సాయంత్రం ఏడు గంటల వేళకు మీరు రెండోసారి స్నానం చేసి దీపం ముందు ఉంటారు. తరువాత భజన, అల్పాహారం, హరివరాసనం, చాప మీద నిద్ర. దారిలో ఎదురైన ప్రతి ఒక్కరూ, బహుశా మీ మిల్లు యజమాని కూడా, మిమ్మల్ని "స్వామీ" అనే పిలుస్తారు. శబరిమల సన్నిధానం ముందు రాసి ఉన్న "తత్త్వమసి" అనే మాట అర్థం ఎంతమందికి తెలుసో గాని, పొద్దున్నుంచి "స్వామీ" అనిపించుకున్నవాడు సాయంత్రం బెల్టు షాపు ముందు నిలబడలేడన్నది మాత్రం అందరికీ తెలుసు. మీ నలుగురు స్నేహితులే ఆ రోజుల్లో మిమ్మల్ని సిట్టింగుకు రమ్మనరు; రమ్మంటే ఆ పాపం తమకు తగులుతుందని జంకుతారు. మీ గురుస్వామి దుష్టసాంగత్యమని పేరు పెట్టిన ఆ నలుగురూ కూడా మండలం రోజుల్లో మీకు కాపలావారే అవుతున్నారన్నమాట.

మాల విరమణ రోజున మెడలోంచి తులసిమాలతోపాటు ఈ కట్టుబాటు మొత్తం తీసి పక్కన పెట్టేస్తున్నారు. మర్నాటి నుంచి నాలుగున్నరకు మిమ్మల్ని లేపేవారు లేరు, ఏడింటికి భజనకు రమ్మనేవారు లేరు. మిగిలేది ఒక ఖాళీ సాయంత్రం, దాన్ని నింపడానికి సిద్ధంగా ఉన్న నలుగురు మనుషులు. అందుచేత "స్నేహితులను వదలాలా" అన్న మీ ప్రశ్నను, "42వ రోజు సాయంత్రం నేను ఎవరి పక్కన కూర్చోవాలి" అని మార్చి అడుక్కోండి. చెడు సావాసం వదలమని చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వదిలాక ఖాళీ అయిన ఆ చోటును ఏం చేయాలో చెప్పేవారు తక్కువ. మీ గురుస్వామి కూడా సగం చెప్పి ఆగినట్టున్నారు.

ఇది నా సొంత కల్పన కాదు. దుష్టసాంగత్యం గురించి మాట్లాడేవారందరూ ఉదహరించే మాట నారద భక్తిసూత్రాలలోనిది: "దుస్సంగః సర్వథైవ త్యాజ్యః", చెడు సాంగత్యాన్ని అన్ని విధాలా విడిచిపెట్టవలసిందే. మొత్తం 84 సూత్రాలలో ఇది 43వది. దానికి ముందున్నవి ఏమిటో చాలామంది చూడరు. మహాత్ముల సాంగత్యం దుర్లభమని, దొరికితే మాత్రం వృథా పోదని 39వ సూత్రం చెబుతుంది. దానినే సాధించాలి, దానినే సాధించాలి అని 42వ సూత్రం ఒకే మాటను రెండుసార్లు పలుకుతుంది. ఆ తరువాతే విడిచిపెట్టమనడం. పట్టుకోవలసినదాన్ని పట్టుకోమని రెండుసార్లు చెప్పాక గాని నారదుడు వదలవలసినదాని పేరు ఎత్తలేదు. మనం ఆ వరుసను తలకిందులు చేసి, ముందు వదిలేసి, పట్టుకోవడానికి ఏమీ లేక, పదకొండో రోజుకు వదిలినదాని దగ్గరకే తిరిగి వెళ్తున్నాం.

ఆ తరువాతి రెండు సూత్రాలు కూడా మీకు పనికివస్తాయి. చెడు సాంగత్యం కామక్రోధాలకు, మోహానికి, స్మృతిభ్రంశానికి, బుద్ధినాశానికి కారణమవుతుందని 44వది చెబుతుంది. స్మృతిభ్రంశం బుద్ధినాశానికి ముందు మెట్టు అని గుర్తించండి. గీతలోనూ వరుస ఇదే. మీరు రెండో గ్లాసు దగ్గర చెడిపోవడం లేదు. పద్దెనిమిది మెట్లు ఎక్కుతున్నప్పుడు మీరు ఏమనుకున్నారో మరిచిపోయిన క్షణంలోనే పని మొదలైపోతుంది, గ్లాసు తరువాత వస్తుంది. ఇక 45వ సూత్రం: ఈ దోషాలు మొదట అలల్లా ఉన్నా, సాంగత్యం వల్ల సముద్రాలవుతాయి. అంటే అల మనలోనిదే. స్నేహితుడు దాన్ని పుట్టించడం లేదు, పెంచుతున్నాడు. ఈ తేడా మనసులో ఉంటే వాళ్ల మీద కసి పెంచుకోకుండానే వాళ్లకు దూరంగా జరగవచ్చు. మాల వేసిన కొత్తలో కొందరిలో కనిపించే "వాళ్లు పాపులు, నేను పునీతుణ్ణి" అన్న పొగరు కూడా తగ్గుతుంది. నా దృష్టిలో ఆ పొగరు మందుకంటే తక్కువ మత్తేమీ కాదు.

మనోబలాన్ని నమ్ముకుని పాత చోటికే వెళ్లి కూర్చుంటానంటే ఏమవుతుందో భాగవతం ఆరో స్కంధంలో ఉంది. అజామిళుడి కథ మనకు తెలిసినదే అనుకుంటాం: చావు వేళ కొడుకును "నారాయణా" అని పిలిచాడు, విష్ణుదూతలు వచ్చి కాపాడారు. పురాణం చెప్పేవారు ఆ పేరు మహిమ దగ్గరే ఎక్కువసేపు నిలబడతారు, నిలబడవలసిందే. అయితే ఆ కథకు ఒక మొదలూ ఒక ముగింపూ ఉన్నాయి, మీ ప్రశ్నకు సమాధానం ఆ రెండు చోట్ల ఉంది. కన్యాకుబ్జంలో ఉండే ఆ బ్రాహ్మణ యువకుడు చదువుకున్నవాడు, నియమవంతుడు, తల్లిదండ్రుల మాట మీరనివాడు. తండ్రి చెబితే పళ్లు, పువ్వులు, సమిధలు, దర్భలు తీసుకురావడానికి అడవికి వెళ్లాడు. తిరిగి వస్తుండగా దారిలో తాగి ఒళ్లు మరిచిన ఒక జంట కంటబడింది. మూలంలో ఆ తరువాత చెప్పింది చాలా నిక్కచ్చి అయిన విషయం: తన ధైర్యం ఎంత ఉందో అంతా, తాను చదివిన శాస్త్రం ఎంత ఉందో అంతా కూడగట్టుకుని మనసును ఆపుకోబోయాడు, ఆపుకోలేకపోయాడు. చదువు తక్కువై పడిపోలేదు, నియమం తెలియక పడిపోలేదు. చూపు అక్కడ నిలిచాక ఉన్న బలమంతా చాలలేదు, అంతే.

ఇక చివరి భాగం. యమదూతలూ విష్ణుదూతలూ వాదించుకుని వెళ్లిపోయాక అజామిళుడు చనిపోలేదు, లేచి కూర్చున్నాడు. క్షణకాలం సాధువులతో కలిగిన సాంగత్యం వల్ల వైరాగ్యం పుట్టి, అన్ని బంధాలూ వదులుకుని గంగాద్వారానికి, అంటే హరిద్వారానికి, వెళ్లాడని భాగవతం చెబుతుంది. ఒక్క చూపుతో పడిపోయినవాడిని ఒక్క క్షణపు సత్సంగం నిలబెట్టింది. లేచినవాడు మాత్రం "ఇప్పుడు నాకు జ్ఞానం వచ్చింది కదా" అని అదే ఇంట్లో, అదే మనుషుల మధ్య ఉండిపోలేదు, చోటు మార్చాడు. మీరు హరిద్వారం వెళ్లనక్కరలేదు. సాయంత్రం ఏడు గంటలకు కూర్చునే చోటు మారిస్తే చాలు.

ఇప్పుడు మీ నలుగురి విషయానికి వస్తాను. నలుగురినీ ఒకే గాటన కట్టి ఒకే తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. నాలుగో వ్యక్తి గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయడానికి ఏమీ తోచలేదంటే బహుశా ఆయనతో మీకున్నది స్నేహం కాదు, గ్లాసుల పరిచయం. సిట్టింగు మానేస్తే అది తనంత తానే సడలిపోతుంది, దాని గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు.

వడ్డీ వ్యాపారం చేసే స్నేహితుడి విషయంలో నాకు సందేహం లేదు, వదిలేయవలసిందే. మీ బలహీనత వల్ల మీరు నష్టపోతే లాభపడేవాడు, మీ బెట్టింగుకు అప్పు ఇచ్చి మళ్లీ మీ చేతే బెట్టింగు ఆడించేవాడు, ఎంత చిన్ననాటివాడైనా ఆ స్థానంలో స్నేహితుడిగా మిగలడు. ధర్మం మాట అటుంచినా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు మన రాష్ట్రంలో 2020లో సవరించిన చట్టం కింద నేరం; 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా వాటిని నిషేధించింది. అయితే బాకీ ఉండగా దూరం జరగడం సాధ్యం కాదు. ఆ బాకీ పేరుతో ఆయన ఎప్పుడైనా మిమ్మల్ని పిలవగలడు. ముందు ఆ లెక్క తేల్చుకోండి. ఎంత బాకీ ఉన్నారో మీ భార్యకు దాచకుండా చెప్పండి; ఇంతవరకు చెప్పలేదని మీ ఉత్తరం ధోరణి చూస్తే అనిపిస్తున్నది. ఇద్దరికీ తెలిసిన ఒక పెద్దమనిషిని తీసుకుని పగటి పూట వెళ్లి, కట్టిన ప్రతిసారీ ప్రోనోటు మీద చెల్లు వేయించుకుని, పూర్తిగా తీరాక నోటు వెనక్కి తీసుకోండి. ఒకేసారి తీర్చలేకపోతే నెలకు ఇంతని ఆ పెద్దమనిషి ఎదుటే ఒప్పుకోండి. ఫోనులో ఆ యాప్‌లూ, ఆ వాట్సాప్ గ్రూపూ ఆరోజే తీసేయండి. ఇరుముడి కట్టుకునే ముందు బాకీలు తీర్చుకోవాలని, ఎవరి మనసైనా నొప్పించి ఉంటే క్షమాపణ అడగాలని పెద్దలు చెబుతారు కదా. మీ యాత్రకు ఈసారి అదే అసలు సన్నాహం.

ఆసుపత్రిలో మీతో మేలుకొని కూర్చున్న స్నేహితుడి దగ్గర మీ ప్రశ్న నిజంగా కష్టమైనది. కృతఘ్నుణ్ణి కానా అని అడిగారు. ఆ భయం ఉన్నందుకు మిమ్మల్ని గౌరవిస్తున్నాను. మన మహాభారతంలో ఈ చిక్కులో పడినవాడు కర్ణుడు. నలుగురిలో కులం అడిగి అవమానించిన రోజున దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చి పక్కన నిలబెట్టుకున్నాడు. ఆ ఋణం కర్ణుడు మరువలేదు. అది తప్పని ఎవరూ అనలేరు. తప్పు ఎక్కడంటే, ఋణం తీర్చుకోవడమంటే దుర్యోధనుడు చేసే ప్రతి పనిలోనూ తానూ చేయి కలపడమే అనుకున్నాడు. ద్రౌపదిని సభకు ఈడ్చిన రోజున కర్ణుడు నోరు మూసుకుని ఊరుకున్నా స్నేహం చెడేది కాదు, అతను మాత్రం ఆమెను నిందిస్తూ మాట్లాడాడు. ఉపకారం చేసినవాడి పాపంలో భాగం పంచుకుంటే ఋణం తీరదు, రెండు పాపాలవుతాయి.

అదే ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. రాయబారానికి వచ్చిన కృష్ణుడిని దుర్యోధనుడు విందుకు పిలిచాడు. కృష్ణుడు వెళ్లనన్నాడు, ఒకరింట తినడం ప్రీతి వల్ల జరగాలి, లేదా ఆపదలో ఉండి జరగాలి, మన మధ్య ప్రీతీ లేదు, నాకు ఆపదా లేదు అని కారణం మొహం మీదే చెప్పి, విదురుడి ఇంటికి వెళ్లి భోంచేశాడు. అయినా మర్నాడు అదే దుర్యోధనుడి సభకు వెళ్లి, సంధి కోసం చెప్పవలసిన మాటలన్నీ చెప్పాడు. విందు కాదన్నాడు, మాట కాదనలేదు. మీకు ప్రీతి ఉన్న మనిషి విషయంలో ఇది ఇంకా సులువు. సాయంత్రం సిట్టింగుకు రానని చెప్పండి. ఆదివారం పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లండి, లేదా మీ ఇంటికి టిఫినుకు పిలవండి. ఆయన పిల్లల చదువు ఖర్చో, ఆయన తల్లిగారి వైద్యమో అవసరపడినప్పుడు మొదట నిలబడేది మీరే కావాలి; ఆసుపత్రిలో మీకోసం మేలుకున్న రాత్రులకు ప్రత్యుపకారం ఆసుపత్రిలోనే చేయండి, పాకలో బల్ల దగ్గర కాదు. ఆయన మొదట్లో నొచ్చుకుంటారు, "పెద్ద భక్తుడివైపోయావు" అని ఎత్తిపొడుస్తారు. దానికి జవాబు చెప్పకండి. వాదన మొదలైతే అది సిట్టింగులోనే ముగుస్తుంది. కొన్ని ఆదివారాలు గడిచేసరికి మీ ఇద్దరి మధ్య ఉన్నది స్నేహమో, సాయంత్రపు అలవాటో మీకే తెలిసిపోతుంది.

వాళ్లనే మార్చకూడదా అన్నారు. ఎరుమేలిలో అయ్యప్పస్వాములు వావరు పేరనున్న మసీదుకు వెళ్లి మొక్కుకుని పేటతుళ్లి అనే నృత్యం చేస్తారు. సన్నిధానంలో కూడా మెట్లకు దగ్గరలో వావరుకు స్థానం ఉంది. వావరు గురించిన కథలు ఒకేలా ఉండవు; సముద్రపు దొంగ అని కొందరు, మహావీరుడని కొందరు చెబుతారు. ఎదిరించి వచ్చినవాడు అయ్యప్పకు ప్రాణమిత్రుడయ్యాడన్నది మాత్రం చాలా కథల్లో ఉంది. స్నేహం మనిషిని మార్చగలదనడానికి మీ యాత్రా మార్గంలోనే నిలబెట్టిన సాక్ష్యమది. అక్కడ మార్చింది ఎవరు అన్నది కూడా చూడండి. మాల తీసిన పది రోజులకే జారిపోయేవాడు ఇంకొకరిని ఒడ్డుకు లాగబోతే ఇద్దరూ నీళ్లలోనే ఉంటారు. ప్రహ్లాదుడు రాక్షసబాలురకు హరిభక్తి చెప్పలేదా అనవచ్చు. చెప్పాడు, తల్లి గర్భంలో ఉండగానే నారదుడి మాటలు విన్నవాడు గనుక చెప్పగలిగాడు. మీరు ముందు ఒక ఏడాది నిలబడండి. ఆ ఏడాదిలో వాళ్లకు ఒక్క నీతివాక్యం కూడా చెప్పకండి. మారేవాడు మిమ్మల్ని చూసి తనంత తానే వచ్చి అడుగుతాడు.

ఇక్కడే మీకు కొంచెం కఠినంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. మీలో చిన్నవాడికి ఈ అలవాటు మీ వెంట వచ్చే అయిందని రాశారు. అంటే అతని ఇంట్లో అతని భార్యో తల్లో దుష్టసాంగత్యం వదలమని పోరుతున్నప్పుడు, వాళ్ల మనసులో మెదిలే ముఖం మీదే. దుస్సంగం ఎప్పుడూ ఎదుటివాళ్లలోనే ఉంటుందని అనుకోవడం మన అందరికీ అలవాటు. మంచి సావాసం వెతుక్కునేవాడు తానూ ఇంకొకరికి సావాసమేనని గుర్తు పెట్టుకుంటే, స్నేహితుల గురించి గురుస్వామి దగ్గర ఫిర్యాదు చేసే గొంతు కాస్త తగ్గుతుంది.

మంచి సావాసం ఎక్కడ దొరుకుతుందంటారా? నల్లబట్టలు కట్టినవారందరూ మంచి సావాసం కాదని ముందే చెప్పుకుందాం. ఇల్లు చేరి మాల తీయించుకోవలసిన పద్ధతిని పక్కన పెట్టి, తిరుగు ప్రయాణంలోనే మాల తీసేసి బండిలోనే సీసా తెరిచే బృందాలు ఉన్నాయి. పడిపూజకు చందాలు వసూలు చేసి లెక్క చెప్పనివారున్నారు, మైకుల కోసం, ఊరేగింపుల కోసం ఇతరులతో కయ్యానికి దిగేవారున్నారు. మీరు ఏ బృందంతో వెళ్తున్నారో ఈసారి జాగ్రత్తగా చూసుకోండి. వయసులో పెద్దవారు ఉన్న బృందం, మాల తీసిన తరువాత కూడా నెలకొకసారైనా కలుసుకునే బృందం ఎంచుకోండి. అయ్యప్ప జన్మనక్షత్రమైన ఉత్తర ప్రతి నెలా వస్తుంది, ఆ రోజున అనేక అయ్యప్ప ఆలయాల్లో ప్రత్యేక పూజ జరుగుతుంది. శబరిమల ఆలయం కూడా నవంబరు మధ్యలో మొదలయ్యే మండల కాలానికీ, జనవరి మధ్యలో వచ్చే మకరవిళక్కుకూ మాత్రమే తెరుచుకోదు. ప్రతి మలయాళ మాసారంభంలోనూ అయిదు రోజులు తెరుస్తారు. స్వామికి ఏడాది పొడవునా కొలువు జరుగుతుంటే భక్తుడు ఏడాదికి 41 రోజులే హాజరు వేయించుకోవడం ఏం న్యాయం? పదిమంది దొరకకపోతే ఒక్కరు చాలు. మీ ఊళ్లోనే మాల తీశాక కూడా తాగనివారు ఒకరైనా ఉండి ఉంటారు. ఆయనను వెతుక్కుని సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా గుళ్లోనో, చెరువుగట్టు మీదో ఆయనతో గడపండి. భక్తి గురించే మాట్లాడనక్కరలేదు, వరి ధర గురించి మాట్లాడుకున్నా ఫరవాలేదు.

అన్నిటికంటే దగ్గరి సావాసం మీ ఇంట్లోనే ఉంది, మీరు దాన్ని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. మీ 41 రోజుల నియమం వెనక ఎవరి శ్రమ ఉందో ఆలోచించండి. మీకంటే ముందు లేచేది, మడిగా వండేది, మీ కోసం ఇంటిల్లిపాదికీ నీచు మాన్పించేది, భిక్షకు వచ్చిన స్వాములకు వడ్డించేది మీ భార్య. ఆమె మెడలో మాల లేకుండానే మండలమంతా దీక్ష చేస్తున్నది. దీక్షలో ఆమెను మీరు "మాతా" అని పిలుస్తారు. మాల తీశాక మాత్రం ఆమె అన్నం పెట్టుకుని రాత్రి పదకొండు దాకా మీ కోసం ఎదురుచూస్తుంది. ఆమె మీ స్నేహితులను వదలమనడంలో కొంత కోపం ఉండవచ్చు, ఆ కోపానికి కారణం కూడా ఉంది. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకు ఆమెతోనూ పిల్లలతోనూ కలిసి చేయాలన్న ఒక్క నియమం మాల తీశాక కూడా ఉంచుకోండి. దానికి గురుస్వామి అనుమతి అక్కరలేదు.

ఇవన్నీ మాల వేసుకోక ముందే మొదలుపెట్టండి. స్నేహితులతో చెప్పవలసిన మాట ఇప్పుడే చెప్పండి. మాల వేసుకున్నాక చెబితే "ఆ నలభై రోజుల మాటే కదా" అనుకుంటారు, మీకూ లోలోపల అలాగే అనిపిస్తుంది. మాల తీసిన మర్నాడు సాయంత్రం ఎక్కడ ఉంటారో, ఎవరితో ఉంటారో మాల వేసే రోజునే గురుస్వామితో చెప్పి పెట్టండి. ఎప్పుడైనా ఒకరోజు జారిపోతే, వ్రతభంగమైందని వచ్చే నవంబరు దాకా ఆగకుండా మర్నాడు పొద్దున్నే స్నానం చేసి గుడికి వెళ్లండి. "ఎలాగూ చెడిపోయాను" అన్న మాట ఒక్క రోజు జారుడును ఏడాది జారుడుగా చేస్తుంది.

చివరగా, చిన్నవాణ్ణి కన్నెస్వామిగా వెంట తీసుకెళ్లవచ్చా అన్నది. తీసుకెళ్లండి. మీ వెంట పాడైనవాడు మీ వెంటే బాగుపడతానని వస్తే కాదనే హక్కు మీకు లేదు. కాకపోతే ముందు ఒక సంగతి కనుక్కోండి. అతను రోజూ తాగుతున్నాడా, పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా, చెమటలు పడుతున్నాయా? అలా ఉంటే మాల వేసిన రోజున ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదకరం. చాలాకాలం ఎక్కువగా తాగినవారు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, భ్రమలు రావచ్చు, అది దైవాగ్రహం కాదు, వైద్యం అవసరమైన స్థితి. మాల వేసే తేదీకి కొన్ని వారాల ముందే అతన్ని ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. మద్యం మానాలనుకునేవారి కోసం కేంద్రప్రభుత్వం నడిపే ఫోన్ నంబరు 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ వారి 14416 ఉన్నాయి, రెండూ ఉచితమే. తాగుడు మానుకున్నవాళ్లే కలుసుకుని ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏ.ఏ.) సమావేశాలు మన పెద్ద నగరాల్లో జరుగుతాయి. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుడు బాధితులు కలుసుకుని మాట్లాడుకోవడంతో మొదలైన పద్ధతి అది, దైవం పట్ల నమ్మకానికి దానిలోనూ చోటుంది. వైద్యుడు సరేనన్నాకే మాల వేయించండి, అతను ఏ మందులు వేసుకుంటున్నాడో గురుస్వామికి ముందే చెప్పండి, దీక్షలో ఉన్నానని ఆ మందులు మానేయకుండా చూసుకోండి.